ఒమాన్ లుబాన్: కోనసీమ తేమలో మూడేళ్ల వాడకం

మస్కట్ నుంచి సెలవుకు వచ్చేవాళ్ల పెట్టెలో ఖర్జూరాలతో పాటు ఓ లుబాన్ పొట్లం ఉండడం కోనసీమలో మామూలే. ఒమాన్ దక్షిణాన ధోఫార్ ఎడారి కొండల్లో బాస్వేలియా సాక్రా చెట్టు బెరడు చెక్కితే కారి గట్టిపడే జిగురు ఇది. క్రిస్మస్ కథలో జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి ఇదే. కిరాణా కొట్లో దొరికే సాంబ్రాణి వేరే చెట్టుది, వాసన తియ్యగా ఉంటుంది. లుబాన్‌ది నిమ్మతొక్క గిల్లినట్టుండే చల్లని వాసన.

"పొగకి గొంతు పట్టేసింది" అని పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటే: ఎర్రటి నిప్పు మీద నేరుగా వేయడం. జిగురు మాడి నల్లపొగ, కళ్లమంట తప్ప ఏమీ రాదు. కొబ్బరిచిప్ప నిప్పు మీద తెల్లటి బూడిద పట్టేదాకా ఆగండి. పైన ఇంకో చెంచా బూడిద పరిచి, శనగగింజంత పలుకు పెట్టండి. పదడుగుల గదికి అంతే చాలు. ముందు పలుకు అంచులు చెమర్చినట్టు మెరుస్తాయి, తర్వాత చిన్న బుడగలు లేచి తెల్లపొగ సన్నటి తీగలా సాగుతుంది. ఆ మొదటి పది నిమిషాలదే అసలు వాసన. గోధుమరంగు తిరగగానే పుల్లతో తీసేయాలి, నల్లబడితే మిగిలేది మాడుకంపే. వేడి తగ్గించుకునే కరెంటు బర్నర్ ఉంటే ఇంకా నయం.

మన దగ్గర రెండో చిక్కు తేమ. ఈ జిగురులో నీళ్లలో కరిగే బంక కూడా ఉంటుంది, అందుకే వానాకాలం పొట్లం విప్పి ఉంచితే పలుకులు అతుక్కుని ముద్దవుతాయి. మూత బిగిసే గాజు సీసాలో పోసుకోండి. ముద్దయినా పారేయక్కర్లేదు, అరగంట ఫ్రీజర్‌లో పెట్టి కొడితే పెళుసుగా విడిపోతుంది. కొనేటప్పుడు లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం అడగండి.

మనసు నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తుంది. పడుకోబోయే ముందు వేస్తే ఊపిరి నిదానమవడం తెలుస్తుంది. బాస్వేలియా జిగురులోని ఇన్‌సెన్సోల్ అసిటేట్ ఎలుకల్లో ఆందోళన తగ్గించిందని 2008లో ఒక పరిశోధన వచ్చింది. అది ఎలుకల మాట, దీన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మాత్ర మానకండి. తలుపులు బిగించిన ఏసీ గదిలో నిప్పుతో అసలు వేయొద్దు, బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్న గదిలోనూ వద్దు. దోమల కోసమైతే మాత్రం కొనకండి, కాలవగట్టు ఇళ్లలో పొగ ఆగీ ఆగకముందే మళ్లీ ముసురుతాయి.