పాత స్టెర్న్‌డ్రైవ్ బోటు: ఏళ్ల తరబడి కృష్ణలో నడిపాక నా సమీక్ష

మా బోటుకున్నది మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ రెండో తరం డ్రైవు. 1991 నుంచి వచ్చిన రకం. ఇంజన్ 4.3 లీటర్ల వీ6 పెట్రోల్. మా చేతికి వచ్చేటప్పటికే అది పాతది, అంతకుముందు సముద్రం పక్కన తిరిగింది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ ఉన్న నీళ్లలో ఏళ్లుగా నడుపుతున్నాం. ఇన్నేళ్లలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. ఈ డ్రైవులో గేర్లు చాలా గట్టివి, ముందు పోయేది రబ్బరు. రబ్బరు పోయిన సంగతి సకాలంలో కనిపెడితే ఖర్చు వేలల్లో తేలుతుంది, ఆలస్యమైతే లక్షల్లోకి పోతుంది.

స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ బోటు లోపల, వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. డ్రైవు బయట వేలాడుతుంది. మధ్యలో షాఫ్టు ఆ గోడలోంచి బయటికొచ్చి, రెండు క్రాసుల మీద వంగి, గేర్ల మీదుగా కిందికి దిగి ప్రొపెల్లర్‌కి అందుతుంది. లారీ షాఫ్టుకుండే క్రాసుల లాంటివే ఇవీ. కాకపోతే ఇవి ఉండేది నీటిమట్టం దగ్గర. వాటిని కాపాడేది మడతల రబ్బరు బెల్లోస్ ఒక్కటే. మడత లోపల సన్నని పగులు పడినా నీళ్లు క్రాసుల్లోకి, వాటి ముందు షాఫ్టును మోసే గింబల్ బేరింగ్‌లోకి వెళ్తాయి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కుంది. వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తారంటే బోట్లు ఒడ్డుకెక్కాల్సిందే. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, కట్లు తెంచుకున్న బోట్లు కొట్టుకొచ్చి గేట్లను గుద్దుకోవడం ఊరంతా చూసింది. అలా ఒడ్డుకెక్కిన బోటు ట్రెయిలర్ మీద నెలలు గడుపుతుంది. నేల తగలకుండా డ్రైవు పైకెత్తి ఉంచుతారు. అన్నాళ్లూ బెల్లోస్ ఒకవైపు సాగి, ఒకవైపు నలిగి ఉంటుంది. దానికి మన ఎండ తోడైతే మడతల్లో పగుళ్లు రాకేం చేస్తాయి? అందుకే ట్రెయిలర్ కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచి, డ్రైవు పూర్తిగా దించి ఉంచుతున్నాం.

మొదటి పెద్ద జబ్బు చప్పుడుతో బయటపడింది. తిన్నగా పోతుంటే సన్నగా గరగర, స్టీరింగు తిప్పితే ఎక్కువ. ఒకాయన చూసి గేర్లు పోయాయి, డ్రైవు మొత్తం మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరక ఆటోనగర్‌లో లేత్ పని చేసే పెద్దాయన్ని ఒడ్డుకు తీసుకొచ్చాను. నీళ్ల గొట్టం తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాం. ఆయన పెద్ద స్క్రూడ్రైవర్ మొన వెనక గోడకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు.

“గేరు మోత కాదు బాబూ ఇది. గేరైతే కూత పెట్టుద్ది. ఇది బేరింగ్ నలుగుతున్న మోత.”

“క్రాసులేమన్నా పోయాయంటావా బాబాయ్?”

“విప్పితే చేతికే తెలుసుద్ది.”

అలాగే తెలిసింది. గేరు లివర్ ముందుకు వేసి ఉంచి, డ్రైవును ఎత్తి దించే హైడ్రాలిక్ సిలిండర్లు వదిలించి, ఆరు నట్లు తీస్తే డ్రైవు వెనక్కి జారి వస్తుంది. దాన్ని ఇద్దరు పట్టుకోవాలి. బెల్లోస్ లోంచి వేలు పెట్టి బేరింగ్ తిప్పితే ఇసుక నూరినట్టుంది. క్రాసుల్లో ఒకటి ఒక పక్కకు సాఫీగా వంగుతోంది, రెండో పక్కకు పట్టేస్తోంది. దాని కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి. గేర్లకు ఏమీ కాలేదు.

క్రాసులకైతే ఆటోనగర్‌లో కొదవ లేదు. కానీ కొలత ఒక్కటే కలిస్తే చాలదు, కప్పును కదలకుండా పట్టే సర్‌క్లిప్ గాడి కూడా కలవాలి. గింబల్ బేరింగ్ మాత్రం ఈ డ్రైవుకోసమే చేసింది, తెప్పించుకోవాల్సిందే. దాన్ని బిగించేటప్పుడు బేరింగ్‌కున్న గ్రీజు రంధ్రం, గోడలోని గ్రీజు దారికి ఎదురుగా రావాలి. రాకపోతే బయట నిప్పిల్ నుంచి ఎంత గ్రీజు కొట్టినా లోపలికి చేరదు. ఆ తర్వాత అలైన్‌మెంట్, అంటే ఇంజనూ షాఫ్టూ ఒకే వరసలోకి తేవడం. డ్రైవు షాఫ్టు కొలతలతో పెద్దాయన లేత్ మీద ఒక కడ్డీ చేసిచ్చాడు. బేరింగ్ గుండా ఇంజన్ కప్లర్‌లోకి (షాఫ్టును ఇంజన్‌కి కలిపే రబ్బరున్న ముక్క) అది రెండు వేళ్లతో తోస్తే పోవాలి, లాగితే రావాలి. గట్టిగా ఉంటే ఇంజన్ ముందు మౌంట్ల నట్లు తిప్పి ఎత్తు సరిచేసుకోవాలి. ఈ పని వదిలేసి బిగిస్తే కొత్త బేరింగూ నిలవదు, కప్లర్ పళ్లూ అరిగిపోతాయి.

తర్వాతది గేరు లోంచి న్యూట్రల్‌కి తెస్తుంటే ఇంజన్ ఆగిపోవడం. రేవు దగ్గర ఇది నిజంగా ప్రమాదం. చాలామంది కార్బురేటర్‌ని అనుమానిస్తారు. ఈ డ్రైవులో గేరు విడిపడే క్షణంలో ఇంజన్ స్పార్క్‌ని తాత్కాలికంగా ఆపే స్విచ్ ఉంటుంది, బరువు తగ్గితే గేరు సులువుగా వస్తుందని. డ్రైవులోకి దిగే షిఫ్ట్ కేబుల్ బిగుసుకుపోతే ఆ స్విచ్ నొక్కుకునే ఉండిపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, ఇంజన్ దగ్గర ఆ కేబుల్ చివర విప్పి చేత్తో లాగి చూడాలి, ఒక మనిషి ప్రొపెల్లర్ మెల్లగా తిప్పుతుండాలి. మాది మొరాయించింది. కేబుల్ మార్చాక ఆ బాధ మళ్లీ రాలేదు.

ఇంజన్ రొద పెరిగి బోటు కదలకపోతే రెండు చోట్ల చూడాలి. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు హబ్ జారుతోందేమో తెలుసుకోడానికి, హబ్ మీద నుంచి రెక్కల వైపు అడ్డంగా పెయింటు గీత గీసి నడపాలి. గీత తెగితే హబ్ పోయినట్టే. గీత అలాగే ఉండి, ఇంజన్ గదిలో రబ్బరు కాలిన వాసన, కప్లర్ కింద నల్లటి పొడి ఉంటే కప్లర్ పోయినట్టు. కప్లర్ మార్చాలంటే ఇంజన్ లేపాలి.

డ్రైవు ఆయిల్ మాత్రం తరచూ చూడాల్సిందే. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున కింది స్క్రూ కాస్త వదులు చేస్తే, నీళ్లుంటే ముందు అవే వస్తాయి. పాలు పోసిన టీ రంగులో ఆయిల్ వచ్చిందంటే సీలు పోయింది. మా బోటుకు అలా వచ్చినప్పుడు ప్రొపెల్లర్ తీసి చూశాం. షాఫ్టుకు నైలాన్ వల దారం చుట్టలు చుట్టుకుని, వేడికి కరిగి గాజుముద్దలా గట్టిపడి ఉంది. దాని కొస ఆయిల్ సీల్ పెదవిలోకి దిగి కోసేసింది. వలలు, గుర్రపుడెక్క ఉన్న నదిలో ప్రొపెల్లర్‌ని అప్పుడప్పుడూ విప్పి షాఫ్టు తుడవడం తప్పదు. కొత్త ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచే పంపుతో ఎక్కించాలి, పై రంధ్రం లోంచి బుడగల్లేకుండా వచ్చేదాకా.

ఆల్ఫాలో నీళ్ల పంపు డ్రైవులోనే ఉంటుంది. ఇసుక నీళ్లకు ఇంపెల్లరూ (నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం) దాని కింది స్టీలు ప్లేటూ అరుగుతాయి, స్పీడులో ఇంజన్ వేడెక్కుతుంది. రెండూ కలిపే మార్చాలి. డ్రైవు తీసేసి ఇంజన్ నడిపితే చల్లబరిచే నీళ్లు రావని కూడా ఇందుకే గుర్తుంచుకోవాలి. సముద్రం నుంచి వచ్చిన మా బోటుకు జింక్ ఆనోడ్లుండేవి, డ్రైవు బదులు తామే తినేయబడే లోహపు ముక్కలివి. నది నీళ్లకు వాటిని తీసి మెగ్నీషియంవి పెట్టించాం.

రోజంతా జనాన్ని తిప్పే వ్యాపారానికి నేను ఔట్‌బోర్డే (ఇంజన్‌తో సహా అంతా బోటు వెనక బయట తగిలించేది) కొనమంటాను. పార్టు కోసం ఆగితే సీజన్ పోతుంది. సొంతానికి నడుపుకుంటూ, ఏటా ఒకసారి డ్రైవు విప్పించే ఓపిక ఉన్నవాళ్లకు ఈ పాత ఆల్ఫా మంచి డ్రైవు. కుటుంబం ఎక్కినా బరువుగా, నిలకడగా నడుస్తుంది, చెడే ముందు చప్పుడుతోనో ఆయిల్ రంగుతోనో చెబుతుంది. కొనబోయేవాళ్లు సీట్లూ పెయింటూ తర్వాత చూసుకోవచ్చు. ముందు డ్రైవు పక్కకు తిప్పించి బెల్లోస్ మడతల్లో టార్చి వేసి చూడండి, కింది స్క్రూ వదిలించి నాలుగు చుక్కల ఆయిల్ అరచేతిలో పట్టండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.