స్వాల్‌బార్డ్ ‘చిన్న నౌక’ యాత్ర బుక్ చేస్తున్నారా? బ్యాలెన్స్ కట్టే ముందు ఇది చదవండి

కిందటి జూన్ మొదటి వారంలో అన్నయ్యా నేనూ స్వాల్‌బార్డ్ వెళ్లొచ్చాం. నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న దీవుల సమూహం అది. మూడేళ్లు డబ్బు దాచుకుని కొనుక్కున్న యాత్ర. మాకు అమ్మింది ఒకటి, అక్కడ దొరికింది వేరొకటి. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు బుక్ చేస్తున్నవాళ్లకు మా గతి పట్టకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. మంచు అడ్డొచ్చిందని నేను ఫిర్యాదు చేయడం లేదు. ఆర్కిటిక్‌లో దారి నిర్ణయించేది మంచే. గాలి ఎక్కువైతే ఒడ్డుకు దిగడం కుదరదు, ఎలుగుబంటి కనిపిస్తే ల్యాండింగ్ రద్దు. ఇవన్నీ తెలిసే వెళ్లాం. నా బాధ వేరే. కంపెనీకి ముందే తెలిసిన సంగతులను దాచి అమ్మారు, వాళ్ల సొంత లోపాలను మంచు మీదకీ వాతావరణం మీదకీ నెట్టారు.

బ్రోచర్‌లో యాత్ర పేరు ‘స్వాల్‌బార్డ్ ప్రదక్షిణ’. తొమ్మిది రాత్రులు. అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్‌లో ఎక్కి, అన్నిటికంటే పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరం వెంట పైకి వెళ్లి, హిన్లోపెన్ జలసంధిలోంచి తూర్పుకు తిరిగి, దీవులను పూర్తిగా చుట్టి రావాలి. యాభై మూడు మంది పట్టే నౌక, ఎనిమిది మంది గైడ్లు, రోజుకు రెండు ల్యాండింగ్‌లు. అన్నయ్యకు పక్షులంటే ప్రాణం. హిన్లోపెన్‌లో ఆల్కెఫ్యెల్లెట్ అనే కొండ ఉంది. సముద్రంలోంచి నిలువుగా లేచిన ఆ రాతి గోడ అరుగుల మీద వేలకు వేలు గిల్లెమాట్ పక్షులు భుజాలు రాసుకుంటూ గుడ్లు పెడతాయి. ఆయన వెళ్లింది దానికోసమే. నాకేమో తూర్పున బ్రోస్వెల్‌బ్రీన్ చూడాలని. సముద్రంలోకి దిగే మంచు గోడ అది, దాని పక్కన నౌక గంటల తరబడి సాగుతుందని చదివాను. రెండూ చూడలేదు.

బ్యాలెన్స్ మొత్తం బయలుదేరడానికి 120 రోజుల ముందు కట్టాలి, కట్టేశాం. 90 రోజుల లోపు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదని షరతుల్లో ఉంది. బయలుదేరడానికి సరిగ్గా 88 రోజుల ముందు మెయిల్ వచ్చింది. ‘నిర్వహణ కారణాల వల్ల మీ నౌక మారింది, అదే స్థాయి నౌక ఇస్తున్నాం, సమాచారం అందినట్టు ఈ బటన్ నొక్కి తెలియజేయండి’ అని. మామూలు సమాచారమే అనుకుని నొక్కాను. తిరిగొచ్చాక ఫిర్యాదు చేస్తే వాళ్లిచ్చిన మొదటి జవాబు: ‘మార్పుకు మీరు ఫలానా తేదీన సమ్మతి తెలిపారు కదా.’ ఆ ఒక్క క్లిక్కుతో మా వాదన సగం పోయింది.

ఆ ‘అదే స్థాయి’ నౌకలో 168 మంది ప్రయాణికులు ఉన్నారు. గైడ్లు పన్నెండు మంది. ‘చిన్న నౌక’ అనే మాటకు నిర్వచనమేమీ లేదని నాకు అప్పుడు అర్థమైంది. స్వాల్‌బార్డ్‌లో 2025 జనవరి 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం రక్షిత ప్రాంతాల్లోకి వెళ్లే నౌకలో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. కాబట్టి పన్నెండు మంది ఎక్కే పడవనీ ‘చిన్న నౌక’ అనే అమ్ముతారు, 199 మంది ఎక్కేదాన్నీ ‘చిన్న నౌక’ అనే అమ్ముతారు.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే ల్యాండింగ్ దగ్గర. అక్కడ రేవులు ఉండవు. జోడియాక్ అనే రబ్బరు పడవల్లో పదేసి మందిని ఒడ్డుకు చేరుస్తారు. ముందుగా గైడ్లు తుపాకులతో దిగి, చుట్టుపక్కల ఎలుగుబంటి లేదని చూసుకుని, తలో వైపు కాపలా నిలబడ్డాకే మనల్ని దించుతారు. గైడ్లు తక్కువైతే ఒడ్డున ఒకేసారి ఉండగలిగే జనమూ తక్కువే. అందుకని మమ్మల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఒడ్డున తిరుగుతుంటే రెండోది నౌకలో కూర్చోవాలి. మా వంతుకు ఒడ్డున ముప్పావు గంట దొరికితే గొప్ప. ఒకరోజు మా గుంపును రాత్రి పదకొండు గంటలకు దించారు. ఆ కాలంలో సూర్యుడు అస్తమించడు కాబట్టి వెలుతురుకు లోటు లేదు. కానీ పొద్దున ఆరింటికి లేచిన డెబ్బై ఏళ్లవాళ్లు ఆ వేళకు నిలబడలేక క్యాబిన్‌లోనే ఉండిపోయారు. వాళ్లూ మాలాగే పూర్తి డబ్బు కట్టినవాళ్లే.

మొత్తం యాత్రలో రోజుకు రెండు చొప్పున రావలసిన ల్యాండింగ్‌లకు మాకు దక్కినవి ఏడు. రెండు ఎలుగుబంట్ల వల్ల పోయాయి, అది సరైన నిర్ణయం. ఒకటి నిజంగానే గాలి వల్ల. ఇంకొక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘సముద్రం అనుకూలంగా లేదు’ అని ప్రకటిస్తూ వచ్చారు. మేమున్న ఫియర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, నీళ్లు అద్దంలా ఉన్నాయి. వెనక డెక్ మీదకు వెళ్లి చూస్తే, జోడియాక్‌లను నీళ్లలోకి దించే క్రేన్ విప్పేసి ఉంది, నలుగురు సిబ్బంది దాన్ని బాగుచేస్తూ చలిలో తంటాలు పడుతున్నారు. యంత్రం పాడవడం ఎక్కడైనా జరుగుతుంది. క్రేన్ పాడైందని చెప్పి ఉంటే నేను ఒక్క మాట అనేవాడిని కాను. ఆ రాత్రి పంచిన దినచర్య కాగితంలో కూడా ‘వాతావరణం వల్ల రద్దు’ అనే అచ్చు వేశారు. వాతావరణం అని రాస్తే పరిహారం అడగడానికి ఉండదు మరి. ఆ కాగితాన్ని, క్రేన్ ఫోటోనీ దాచుకున్నాను. మీరూ రోజూ అలాగే చేయండి. తేదీ, సమయం పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇక ప్రదక్షిణ సంగతి. మొదటి రాత్రే యాత్రా నాయకుడు తెర మీద మంచు పటం చూపించాడు. నార్వే వాతావరణ సంస్థ పని దినాల్లో విడుదల చేసే పటం అది. ఎక్కడ మంచు గట్టిగా ఉందో, ఎక్కడ వదులుగా తేలుతోందో రంగుల్లో కనిపిస్తుంది. తూర్పు వైపంతా మూసుకుని ఉంది, హిన్లోపెన్ నోరు కూడా. జూన్ మొదట్లో ప్రదక్షిణ పూర్తి చేసిన సందర్భాలు ఉన్నాయా అని అన్నయ్య లేచి అడిగాడు. నాయకుడు నిజాయితీగా చెప్పాడు: మామూలుగా జూలై సగం దాటాక, ఆగస్టులో అయితే నమ్మకంగా ప్రయత్నిస్తామని, ఈ వారంలో తాను ఎప్పుడూ చుట్టలేదని. అంటే నౌక నడిపేవాళ్లకు తెలిసిన విషయం బ్రోచర్ అచ్చువేసినవాళ్లకు తెలియదా?

ఇంటికొచ్చి చూస్తే ఆ వాతావరణ సంస్థ సైట్‌లో పాత సంవత్సరాల పటాలు కూడా ఉన్నాయి. తేదీ ఎంచుకుంటే చాలు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీరు వెళ్లే వారానికి గత ఐదారేళ్ల పటాలు తెరిచి చూడండి. పది నిమిషాల పని. మేం ఆ పది నిమిషాలు పెట్టుంటే జూన్ బదులు ఆగస్టు మొదట్లో బుక్ చేసేవాళ్లం, లేదా ‘పడమటి తీరం’ అని నిజాయితీగా పేరుపెట్టిన చవక యాత్ర కొనేవాళ్లం.

మంచుతో ముడిపడిన ఇంకో మోసం నౌక మారడంలోనే ఉంది. నౌక మంచును ఎంత తట్టుకోగలదో చెప్పే శ్రేణిని ఐస్ క్లాస్ అంటారు. మొదటి నౌకది 1ఏ. ఇచ్చినది 1సీ. ఈ అక్షరాలు అలంకారానికి పెట్టినవి కావు. ఫిన్లాండ్, స్వీడన్ నిబంధనల ప్రకారం 1ఏ నౌకను 0.8 మీటర్ల మందం మంచును లెక్కలో పెట్టుకుని కడతారు, 1సీని 0.4 మీటర్లకు. అందుకే వదులు మంచు అంచు దగ్గరకు రాగానే మా కెప్టెన్ వెనక్కి తిప్పేవాడు. తన నౌక బలం ఆయనకు తెలుసు, ఆయన తప్పేమీ లేదు. సగం మందం మంచుకే కట్టిన నౌకను ‘అదే స్థాయి’ అని మెయిల్ రాసినవాళ్లది తప్పు.

ఎలుగుబంటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొనేది ఆ ఫోటో చూసే. మా బ్రోచర్ అట్ట మీద నౌక ముందుభాగం నుంచి వంగి చూస్తున్న జనం, కింద తల పైకెత్తిన ఎలుగుబంటి. ఇప్పుడు అలాంటి దృశ్యం కోసం నౌకను దగ్గరకు తీసుకెళ్లడానికి వీల్లేదు. 2025 నుంచి మార్చి 1, జూన్ 30 మధ్య ధ్రువపు ఎలుగుబంటికి 500 మీటర్ల లోపుకు, మిగతా కాలంలో 300 మీటర్ల లోపుకు వెళ్లకూడదు. అంత మంచి నిబంధన ఉండాల్సిందే. నేను దానికి పూర్తిగా మద్దతు. మాకు బైనాక్యులర్లలో మంచు మీద లేత పసుపు చుక్కలాగా ఒక తల్లి, వెనకే పిల్ల కనిపించాయి. పావుగంట నౌకంతా నిశ్శబ్దంగా ఉంది. అది చాలు మాకు. కానీ నా పక్కన నిలబడ్డ ఒకావిడ ‘ఫోటోలో ఉన్నట్టు ఎప్పుడు చూపిస్తారు’ అని గైడ్‌ను అడుగుతూనే ఉంది. ఆ మాట పడాల్సింది గైడ్ కాదు, నిబంధన మారాక కూడా పాత ఫోటో పెట్టి అమ్మినవాళ్లు.

వీసా విషయం అన్నిటికంటే ప్రమాదకరం, జాగ్రత్తగా చదవండి. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహంలో, భాగం కాదు. నార్వే ప్రధాన భూభాగంలోని ఓస్లో నుంచో ట్రోమ్సో నుంచో లాంగియర్‌బ్యెన్ విమానం ఎక్కగానే మీరు షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టు లెక్క. తిరిగి రావడం రెండో ప్రవేశం. కాబట్టి షెంగెన్ వీసా అవసరమైనవాళ్లకు కనీసం రెండు ప్రవేశాలున్న వీసా కావాలి. మాకు అమ్మిన ఏజెంటు ‘నార్వే ఒక్క దేశమే కదా, సింగిల్ ఎంట్రీ చాలు’ అని రాతపూర్వకంగానే చెప్పాడు. మాకు పాత మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండబట్టి బతికిపోయాం. మాతోపాటు అదే ఏజెంటు దగ్గర కొన్న దంపతులను ఓస్లో విమానాశ్రయంలో ఆపేశారు. వాళ్లు నౌక మొహం చూడకుండానే ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. ఈ తప్పుకు బాధ్యత ఏజెంటూ తీసుకోలేదు, కంపెనీ కూడా తీసుకోలేదు.

బీమా గురించి క్లుప్తంగా. లాంగియర్‌బ్యెన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి, కాస్త పెద్ద సమస్య అయితే విమానంలో ట్రోమ్సోకు తరలిస్తారు. అత్యవసర తరలింపు ఖర్చు మీ పాలసీలో స్పష్టంగా ఉండాలి. ఒకరి మణికట్టు విరిగితే నౌక ఒక రోజంతా వెనక్కి నడిచింది. ఆ రోజు పోయినందుకు నౌకలో ఎవరూ నొచ్చుకోలేదు.

తిరిగొచ్చాక మా డబ్బు కోసం తిరిగిన తీరు వింటే విసుగొస్తుంది. ఏజెంటు ‘మేం అమ్మినవాళ్లం మాత్రమే’ అన్నాడు. కంపెనీ ‘నౌక మాది కాదు, అద్దెకు తీసుకున్నాం’ అంది. నౌక యజమాని ‘మీతో మాకు ఒప్పందమే లేదు’ అన్నాడు. చివరికి కంపెనీ వచ్చే యాత్రలో పది శాతం తగ్గింపు ఇస్తామంది, ఏడాదిలోపు వాడుకోవాలట. వద్దన్నాం. తర్వాత తెలిసింది, యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్యాకేజీ యాత్రలకు 2015 నాటి చట్టం ఒకటి ఉంది. ప్రయాణానికి ముందు ముఖ్యమైన అంశాలను గణనీయంగా మారిస్తే, కొన్నవాళ్లు పెనాల్టీ లేకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మా ఇన్‌వాయిస్ మాత్రం యూరప్ బయట నమోదైన అనుబంధ సంస్థ పేరున ఉంది, షరతుల్లో వేరే దేశపు చట్టం వర్తిస్తుందని రాసుంది. అంత చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని కూడా చదవాలని మాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే చెబుతున్నా, డబ్బు ఏ పేరున ఉన్న సంస్థకు వెళుతోందో, ఏ దేశపు చట్టం వర్తిస్తుందో అడ్వాన్స్ కట్టకముందే చూడండి.

ఇంత రాశాక గైడ్ల గురించి రాయకపోతే అన్యాయం. వాళ్లు బంగారం లాంటి మనుషులు. క్రాస్‌ఫియర్డ్‌లో ‘జూలై 14’ అనే పేరున్న హిమానీనదం దగ్గర పఫిన్ పక్షులు ఎక్కడ గూడు పెడతాయో అన్నయ్యకు చూపించడానికి ఒకమ్మాయి తన విశ్రాంతి వేళ వదులుకుని వచ్చింది. ఆయన ఆ యాత్రలో నోరారా నవ్వింది ఆ ఒక్క పూటే. ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది, నౌకకు తగినంత మంది గైడ్లను పెట్టమని తాము సీజన్‌కు ముందే అడిగామని.

బుక్ చేసేవాళ్లు అమ్మేవాళ్లను ఇవి అడగండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. నౌక పేరు, ఐస్ క్లాస్, ఎంతమంది ప్రయాణికులు, ఎంతమంది గైడ్లు. నౌక మారితే పూర్తి డబ్బు వాపసు ఇస్తారా. గత మూడేళ్లలో ఇదే వారంలో ఈ దారి ఎన్నిసార్లు పూర్తి చేశారు. ఈ చివరి ప్రశ్నకు మూడు కంపెనీలు నాకు సూటిగా జవాబిచ్చాయి. అందులో ఒకటి ‘జూన్‌లో ప్రదక్షిణ అమ్మం’ అని చెప్పింది. అన్నయ్య ఆల్కెఫ్యెల్లెట్ కోసం మళ్లీ డబ్బు దాస్తున్నాడు, ఈసారి వాళ్లతోనే వెళతాం.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఎదురుచూస్తున్నవాళ్లకు ‘నౌక మారింది’ అని మెయిల్ వస్తే, అందులోని ఏ బటనూ నొక్కకండి. ‘మార్పు సమాచారం చేరింది, మేం ఒప్పుకోవడం లేదు, రెండు నౌకల వివరాలు పక్కపక్కన పెట్టి పంపండి’ అని అదే రోజు మీ మాటల్లో జవాబు రాయండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు కూడా ఆ కాపీ పంపండి. మేం ఆ పని యాత్ర తర్వాత చేశాం. మా బ్యాంకు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: మీరు అభ్యంతరం చెప్పింది ఏ తేదీన?