నిమజ్జనానికి మేం పెట్టుకున్న డీజే బండి: బాక్సులు తక్కువే, పని బాగుంది

డీజే బండి గురించి నేను మంచి మాట రాస్తానంటే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి బతికినవాణ్ని. ఈ బాక్సులు వచ్చాకే మా బుకింగులు పోయాయి. అయినా ఈసారి నెల్లూరు మూలాపేటలో మా వీధి వినాయకుడి ఊరేగింపుకి వచ్చినవాళ్లు బాగా చేశారు, చెప్పక తప్పదు. షాపు పేరు మాత్రం అడక్కండి, కింద ఫిర్యాదు కూడా ఉంది.

ఐచర్ లారీ మీద 8 బేస్ బాక్సులు, గొంతు వినబడే 4 టాప్‌ బాక్సులు, వెనక జనరేటర్, సన్నటి కాంతి దూరం కొట్టే రెండు షార్పీ లైట్లు. డీజిల్‌తో కలిపి 35 వేలకు మాట్లాడుకున్నాం. పక్క వీధివాళ్లు దీనికి రెట్టింపు బాక్సులున్న బండి తెచ్చేసరికి మా కుర్రాళ్లు మొహాలు వేలాడేశారు. బండి మాట్లాడ్డానికి వెళ్తే అందరూ అడిగేది ఒకటే, బాక్సులెన్నన్నా అని. నేను అడిగింది వేరే. జనం బండి కిందికి రాకుండా చుట్టూ తాడు పట్టుకోడానికి మీ మనుషులెంతమంది? బండి వెనక్కి తీసేటప్పుడు పాట ఆపుతారా? సందు ఇరుకైతే ఏం చేస్తారు? షాపతను నన్ను ఎగాదిగా చూశాడు గానీ, అన్నిటికీ జవాబు చెప్పాడు.

ఈ ప్రశ్నలు నాకు లవ్ పరేడ్ చరిత్ర చదివాక పట్టుకున్నాయి. బెర్లిన్‌లో లారీల మీద బాక్సులు కట్టి, వెంట జనం ఆడుతూ నడిచే టెక్నో, అంటే మెషీన్ బీటు సంగీతం, ఊరేగింపు అది. 1989 జులై 1న డాక్టర్ మొట్టే అనే డీజే మొదలుపెట్టాడు. బెర్లిన్ గోడ ఇంకా కూలలేదు. ఆ మొదటిసారి వచ్చింది 150 మంది. దాన్ని రాజకీయ ప్రదర్శనగా, అంటే ధర్నా ఊరేగింపులాంటిదిగా, నమోదు చేయించారు. నినాదం ఏమిటంటే శాంతి, సంతోషం, పాన్‌కేకులు. శాంతి అంటే ఆయుధాలు వద్దని, సంతోషం అంటే సంగీతంతో జనం దగ్గరవ్వాలని, పాన్‌కేకులంటే తిండి అందరికీ సరిగా అందాలని. మన ఊరేగింపుల్లో ఆ మూడో పని పులిహోర చూసుకుంటుంది.

ప్రదర్శన కాబట్టి రోడ్డు ఊడ్చే ఖర్చు నగరానిదే. జనం పెరిగి 1996లో టియర్‌గార్టెన్ పార్కు మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డుకు మార్చారు. 1999లో 15 లక్షల మంది వచ్చారని నిర్వాహకుల లెక్క. 2001లో ఇది రాజకీయ ప్రదర్శన కాదని కోర్టు తేల్చేసరికి ఖర్చంతా నిర్వాహకుల నెత్తిన పడింది. డబ్బుల్లేక 2004, 2005లో జరగనే లేదు. తర్వాత ఒక జిమ్ కంపెనీ డబ్బు పెట్టింది, 2007లో పరేడ్ బెర్లిన్ వదిలి జర్మనీ పడమటి వైపున్న రూర్ ప్రాంతానికి వెళ్లింది. 2010 జులై 24న అక్కడి డ్యూస్‌బర్గ్‌ నగరంలో పాత గూడ్స్ స్టేషన్ స్థలంలో పెట్టారు. పోవడానికీ రావడానికీ ఒకటే దారి, సొరంగంలోంచి ర్యాంపు మీదికి. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆ ర్యాంపు దగ్గర ఇరుక్కుపోయి 21 మంది చనిపోయారు. వందల మందికి దెబ్బలు తగిలాయి. లవ్ పరేడ్ అక్కడితో ఆగిపోయింది. 2017లో మొదలైన కేసు విచారణ 2020లో ఎవరికీ శిక్ష పడకుండానే ముగిసింది. మొట్టే 2022లో వేరే పేరుతో బెర్లిన్‌లో మళ్లీ లారీలు కదిలించాడు, అది వేరే సంగతి.

మా వీధి మెయిన్ రోడ్డుకు కలిసేచోట ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరసగా బైకులు. అక్కడ ఈ డీజే కుర్రాడు పాట ఆపేశాడు. మైకులో "ముందు బండి పోనీండన్నా, తర్వాత మీరు రండి" అన్నాడు. మావాళ్లు గోల చేశారు, వాడు పట్టించుకోలేదు. బండి మలుపు తిరిగి తాడు మళ్లీ బిగిశాకే పాట వేశాడు. నా 35 వేలూ అక్కడే గిట్టుబాటయ్యాయి. ఆసుపత్రి ముందు అడక్కుండానే సౌండ్ తగ్గించాడు. స్వర్ణాల చెరువు దగ్గర గణేశ్ ఘాట్‌కి చేరేసరికి పది కావస్తోంది, రూలు ప్రకారం ఆపేశాడు.

సౌండ్ గురించి చెప్పాలంటే, చాలా బండ్లలో బేస్ పెంచి పాడేవాళ్ల గొంతు మింగేస్తారు. ఇక్కడ మాట మాటా వినబడింది. మధ్యలో నేను వెళ్లి పాట లేకుండా ఉత్త టెక్నో బీటు వెయ్యమన్నాను. రోలాండ్ 909 కిక్కు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఉన్నది పెన్‌డ్రైవ్‌లోంచి తీశాడు. 1983 నాటి డ్రమ్ మెషీన్ అది, దాని దెబ్బ నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. కుర్రాళ్లు బిక్కమొహం వేశారు గానీ, వెనక కోలాటం ఆడవాళ్లు మాత్రం అందుకున్నారు. తాళం చెదరదు కదా, కర్ర కర్రకీ సరిగ్గా కుదిరింది. మా పిన్నమ్మయితే "ఆ పాటే ఉంచబ్బయ్యా" అంది. అందులో పాటే లేదు.

ఇక ఫిర్యాదు. జనరేటర్ పొగ నేరుగా ఆ కోలాటం వాళ్ల మొహం మీదికే కొట్టింది. ఇద్దరు దగ్గుతూ పక్కకెళ్లిపోయారు. ఒక షార్పీ లైటు మొదట్నుంచీ వెలగలేదు, అయినా చివర్లో లైట్లకని 2 వేలు ఎక్కువడిగారు. మేం ఇవ్వలేదు. కాసేపు వాదించి ఊరుకున్నారు.

ఊరేగింపుకి పెట్టుకునేవాళ్లు జనరేటర్ వేరే బండిలో ముందు పోయేలా చూడమని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే అడగండి. అడిగితే పెడతారట, టాటా ఏస్ బాడుగ మాత్రం మనదే.