వే రెబో: రాత్రి ఉండకపోతే వెళ్లడం దండగ

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవికి వెళ్లేవాళ్లు సాధారణంగా లబువాన్ బజో అనే రేవు పట్టణంలో దిగి, పడవ ఎక్కి, కొమొడో డ్రాగన్లనే భారీ బల్లులను చూసి, మళ్లీ బాలి విమానం ఎక్కేస్తారు. దీవి లోపలి వైపు తిరిగి కూడా చూడరు. ఆ లోపల, మంగ్గరాయ్ కొండల్లో, రోడ్డు లేని ఊరు వే రెబో. సముద్ర మట్టానికి దాదాపు 1,100 మీటర్ల పైన, చుట్టూ అడవి, మధ్యలో ఒక పచ్చిక మైదానం, దాని చుట్టూ శంకువు ఆకారంలో ఏడు పెద్ద ఇళ్లు. ఊరంటే అంతే. ఫొటోల్లో అందరూ చూసిందే. అక్కడికి వెళ్లడం, తినడం, పడుకోవడం ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ సరిగా చెప్పరు.

ముందు దారి సంగతి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగానో సింగపూర్ మీదుగానో బాలి, బాలి నుంచి గంటకు కాస్త అటూ ఇటుగా లబువాన్ బజో. భారతీయులకు వీసా విమానాశ్రయంలోనే ఇస్తారు, 5 లక్షల రుపియాలు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. అసలు పరీక్ష లబువాన్ బజో దాటాకే. లెంబోర్ వరి పొలాల మీదుగా దక్షిణ తీరానికి దిగి, దింతోర్ మీదుగా దెంగె అనే పల్లె చేరడానికి కారులో ఐదారు గంటలు పడుతుంది. దూరం కంటే మలుపులు, గతుకులు ఎక్కువ. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర వేసుకునే బయల్దేరండి.

చవకగా వెళ్లాలంటే రుతెంగ్ పట్టణం నుంచి ఓతో కోల్ అనే ట్రక్కు ఉంది. వెనకాల చెక్క బెంచీలు, పైన రేకు, మనుషులు, బియ్యం బస్తాలు, కోళ్లు అన్నీ ఒకేచోట. అనుభవం కావాలనుకునేవాళ్లకు సరదాగా ఉంటుంది కానీ సమయం మీద ఆశ పెట్టుకోకూడదు. అమ్మానాన్నలతోనో చిన్నపిల్లలతోనో వెళితే కారే నయం. కారు మాట్లాడుకునేటప్పుడు ఒకటి తేల్చుకోండి: డ్రైవర్ రాత్రి దెంగెలోనే ఆగుతాడా, అతని బస, భోజనం ఎవరి ఖర్చు? మాకు ఈ విషయం మీద దెంగెలో దిగాక పేచీ వచ్చింది. ఏజెంటు ఒకటి చెప్పాడట, డ్రైవర్ ఇంకోటి విన్నాడట. మధ్యలో టెన్షన్ మాది.

దెంగెలో చిన్న హోమ్‌స్టేలు ఉన్నాయి. శుభ్రమైన మంచం, దోమతెర, బకెట్ స్నానం, వేడి అన్నం. అంతకు మించి ఆశించకపోతే హాయిగా ఉంటుంది. రాత్రి అక్కడ పడుకుని తెల్లవారుజామునే నడక మొదలుపెట్టడం మంచిది. డబ్బు మాత్రం లబువాన్ బజోలోనో రుతెంగ్‌లోనో తీసుకుని నోట్లు చేతిలో ఉంచుకోండి.

దెంగె నుంచి వే లొంబా వాగు దాకా ఓజెక్, అంటే బైక్ టాక్సీ, దొరుకుతుంది. అక్కడి నుంచి నడకే. మామూలు నడక అలవాటున్నవాళ్లకు రెండున్నర, మూడు గంటలు. మొదటి సగం గట్టి ఎక్కుడు, తర్వాత అడవిలో కొండ అంచు వెంట దారి. మేఘం లేకపోతే వెనక్కి తిరిగి చూసినప్పుడు సముద్రం, అందులో మూలెస్ దీవి కనిపిస్తాయి. మే నుంచి అక్టోబర్ వరకు పొడి కాలం. మిగతా నెలల్లో బురద, జలగలు. స్థానిక గైడ్‌ను తీసుకుంటే అతనికి విడిగా ఇవ్వాలి, అది దండగ ఖర్చు కాదు. ఊళ్లో మర్యాదలు ఎలా పాటించాలో చెప్పేది అతనే.

ఎందుకంటే ఊళ్లోకి నేరుగా నడిచి వెళ్లిపోవడం కుదరదు. ఊరు కనిపించే చోట ఒక చిన్న పాక ఉంది. అక్కడ వేలాడుతున్న వెదురు బొంగును కర్రతో కొట్టి, మనుషులు వస్తున్నారని కిందికి తెలియజేయాలి. ఆ తర్వాత అన్నిటికంటే పెద్ద ఇల్లయిన నియాంగ్ గెందాంగ్‌కు తీసుకెళ్తారు. లోపల ఒక పెద్దాయన మంగ్గరాయ్ భాషలో పూర్వీకులకు చెప్పి, మనకు అనుమతి అడుగుతారు. దీన్ని వేలు అంటారు. మనం చిన్న మొత్తం సమర్పిస్తాం. ఇది పూర్తయ్యేదాకా కెమెరా బయటికి తీయకూడదు. ఈ జనం చాలావరకు కాథలిక్కులు, అయినా పూర్వీకుల మాట దాటరు. మైదానం మధ్యలో రాళ్లు పేర్చిన చొంపాంగ్ అనే వేదిక ఉంటుంది. దాని మీదెక్కి ఫొటో దిగాలని అనుకోకండి. నేనున్నప్పుడే ఒకాయన ఆ ప్రయత్నం చేశాడు. ఎవరూ అరవలేదు, ఒక ముసలావిడ వచ్చి చెయ్యి పట్టుకుని దించింది.

ఇప్పుడు ఇళ్ల గురించి. ‘కాలం ఆగిపోయిన ఊరు’ అని ప్రయాణ కంపెనీలు రాసే మాట నాకు నచ్చదు, అది నిజం కూడా కాదు. 2008లో జకార్తా ఆర్కిటెక్ట్ యోరి అంతార్ తన బృందంతో ఇక్కడికి వచ్చేటప్పటికి ఏడిటిలో నాలుగే నిలబడి ఉన్నాయి. కట్టడం తెలిసినవాళ్లు ముసలివాళ్లయిపోయారు. అప్పుడు ఊరివాళ్లే, పెద్దలు దగ్గరుండి చూపిస్తుంటే, పడిపోయినవాటిని తిరిగి కట్టారు. బయటి నుంచి డబ్బు, సాయం వచ్చాయి, చేతులు మాత్రం వాళ్లవే. ఆ పనికే 2012లో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో యునెస్కో అత్యున్నత బహుమతి ఇచ్చింది. కాబట్టి మీరు చూస్తున్నది పాతది మిగిలిపోవడం కాదు, వద్దనుకోకుండా మళ్లీ కట్టుకోవడం. నాకు ఊరి మీద గౌరవం పెరిగింది దీనివల్లే.

ఈ ఇంటిని ‘మ్‌బారు నియాంగ్’ అంటారు. దాదాపు 15 మీటర్ల ఎత్తు, లోపల అయిదు అంతస్తులు. కింద మనుషులు ఉంటారు. పైన అటక మీద తిండి సామాను, ఆ పైన విత్తనాలు, ఇంకా పైన కరువు వస్తే వాడుకునే నిల్వ, కొసన పూర్వీకులకు నైవేద్యం. మేకులు లేవు, చెక్కలన్నీ పేము తాళ్లతో బిగించారు. పైకప్పు నేల దాకా దిగిపోతుంది. పెద్దింట్లో ఎనిమిది కుటుంబాలు, మిగతావాటిలో ఆరేసి కుటుంబాలు ఉండే పద్ధతి. పిల్లలు మాత్రం ఎక్కువగా కనిపించరు. చదువు కోసం కింద కొంబో పల్లెలో ఉంటారు.

రాత్రి బసకు భోజనాలతో కలిపి మనిషికి 3,25,000 రుపియాలు, మన డబ్బులో పదిహేడు వందల పైచిలుకు. పొద్దున వచ్చి సాయంత్రం దిగిపోయేవాళ్లకు తక్కువ తీసుకుంటారు. రేట్లు మారుతుంటాయి, వెళ్లే ముందు కనుక్కోండి. అతిథుల ఇంట్లో గుండ్రంగా పరిచిన చాపలు, పరుపులు, దిండ్లు, దుప్పట్లు. పక్కన తెలియనివాళ్లు పడుకుంటారు, గురక పెడతారు. గదులు లేవు, తెరలు లేవు. అరకు కంటే కాస్త ఎత్తు కాబట్టి చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు. టాయిలెట్లు బయట, శుభ్రంగానే ఉన్నాయి, నీళ్లు మంచులా ఉంటాయి. కరెంటు మీద పూర్తిగా ఆధారపడలేం, కాబట్టి పవర్ బ్యాంక్ తప్పదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ వదులుకోండి.

భోజనం అన్నం, గుడ్డు, కూర, ఒక్కోసారి కోడి, సంబల్ అనే మిరపకాయ పచ్చడి. రుచిగానే ఉంటుంది కానీ అదే మళ్లీ మళ్లీ వస్తుంది. శాకాహారులు దెంగెలోనే గైడ్‌తో చెప్పించుకోవాలి. మా సంచిలో కందిపొడి ఉండటంతో ఆ పూట గట్టెక్కాం. పక్కన కూర్చున్న జర్మన్ దంపతులు కూడా కలుపుకుని తిన్నారు. కాఫీకి మాత్రం వంక పెట్టలేం. వాళ్లే పండించి, ఆరబెట్టి, దంచుతారు. పొట్లాలు అక్కడే కొంటే డబ్బు ఊరికే చేరుతుంది. ఆడవాళ్లు నేసే సొంగ్కె బట్ట ఖరీదు ఎక్కువ అనిపించినా, పక్కన కూర్చుని నేత చూశాక బేరమాడాలనిపించదు.

పగటి పర్యాటకులు మధ్యాహ్నానికి వచ్చి, వేలు ముగించుకుని, అన్నం తిని, డ్రోన్ ఎగరేసి దిగిపోతారు. ఊరు ఊరులా ఉండేది వాళ్లు వెళ్లాకే. మైదానంలో ఊళ్లో ఉన్న కొద్దిమంది పిల్లలు బంతి ఆడతారు, మగవాళ్లు తోటల నుంచి తిరిగొస్తారు, ఇళ్ల కప్పుల్లోంచి వంట పొగ బయటికొస్తుంది. దీనికోసమే రాత్రి ఉండాలి. నవంబర్‌లో పెంతి అనే కొత్త సంవత్సరం పండుగ ఉంటుంది, చాచి అనే కొరడా పోరు ఆడతారు. జనం ఎక్కువ కాబట్టి బస ముందే మాట్లాడుకోవాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బలవంతంగా తీసుకెళ్లకండి, దిగుడే ఎక్కువ బాధపెడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు రుతెంగ్ దారి పట్టి, చాంచర్ దగ్గర గుట్ట మీదికి ఎక్కితే సాలెగూడులా విడదీసిన వరి మడులు చూడచ్చు. 2003లో ‘ఫ్లోరెస్ మనిషి’ అనే అంతరించిపోయిన పొట్టి మానవజాతి ఎముకలు బయటపడ్డ లియాంగ్ బువా గుహ కూడా రుతెంగ్‌కు దగ్గరే. ఈ రెండూ కలుపుకుంటే రుతెంగ్‌లో ఒక రాత్రి పడుతుంది. సమయం లేకపోతే గుహ వదిలేసి మడులు చూడండి.