లాల్‌బాగ్: పూల ప్రదర్శనకా, మామూలు రోజునా?

లాల్‌బాగ్ అంటే బెంగళూరులోని పెద్ద తోట. అనంతపురంలో బెంగళూరు రైలెక్కితే నాలుగు గంటలు అటూ ఇటూ. రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో పడితే లాల్‌బాగ్ స్టేషన్‌లోనే దిగొచ్చు. ఇంతవరకూ ఏ రోజైనా ఒకటే.

జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడ్డప్పుడు పూల ప్రదర్శన పెడతారు. 1889 నాటి గాజు మేడ నిండా పూలే. బాగుంటుంది, కాదనను. కానీ పోయినసారి మేము పూలకంటే ముందువాళ్ల వీపులే ఎక్కువ చూశాం. టికెట్ క్యూ, తోపులాట, పిల్లోడు ఎక్కడ తప్పిపోతాడోనని టెన్షన్.

మామూలు రోజు పొద్దున్నే వెళ్తే 240 ఎకరాల తోట మనదే అన్నట్టుంటుంది. తెల్లబూరుగు చెట్టు వేర్లు గోడల్లా పైకి లేచి ఉంటాయి. మా అమ్మ చూసి, "ఇది చెట్టా, ఇల్లా?" అనింది. తోటలోనే, బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరున్న మంటపం ఒక బండ మీద ఉంది, ఆ బండ 300 కోట్ల ఏళ్ల నాటిదట. గుట్టల మధ్య పెరిగిన మనకు బండలు కొత్తేం కాదు గానీ, దానిమీద కూర్చుంటే లేవబుద్ధి కాదు.

ఫోటోల పిచ్చి ఉంటే ప్రదర్శనకే వెళ్లండి, శని, ఆదివారాలు మాత్రం వద్దు. పెద్దవాళ్లు వెంట ఉంటే మామూలు రోజే.