ఆటో క్లీన్ ఉందిగా అని వదిలేశా: ఆరు వేసవుల తర్వాత నా ఇన్వర్టర్ ఏసీ సంగతి

ఒకటిన్నర టన్ను, ఇన్వర్టర్ (అంటే కంప్రెసర్ వేగం తనే మార్చుకునే రకం), ఆర్-32 గ్యాస్, రాగి కాయిల్. మిగతా లెక్కలన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి అవి నేను మళ్ళీ రాయను. ఇది ఆరో వేసవి. చల్లదనం గురించి కూడా పెద్దగా చెప్పేదేం లేదు, ఏసీ అన్నాక చల్లబరుస్తుంది. నేను చెప్పాలనుకున్నది రిమోట్ మీద ఉన్న ఒకే ఒక్క బటన్ గురించి, ఆటో క్లీన్. ఆ బటన్ చూసే ఈ మోడల్ కొన్నా, ఆ బటన్‌ని నమ్మే నాలుగో వేసవి సగం తడి గుడ్డలు పిండుకుంటూ గడిపా.

కొన్న కొత్తలో దీన్ని ఎంత పొగిడానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఏసీ ఆపగానే లోపలి కాయిల్ మీద, అంటే గాలిని చల్లబరిచే గొట్టాలూ రేకుల మీద, కావాలనే మంచు పట్టిస్తుంది, తర్వాత ఆ మంచుని కరిగించి ఆ నీళ్ళతోనే కాయిల్‌కి పట్టిన దుమ్ము కడిగేస్తుంది, చివర్లో ఫ్యాన్ తిప్పి ఆరబెట్టుకుంటుంది. అంతా అయ్యేసరికి అరగంట పైనే. లోపల చిటపట చప్పుళ్ళు వస్తాయి, నేనైతే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ నిలబెట్టి మరీ వినిపించా, చూడండి తన స్నానం తనే చేసుకుంటుంది అని. అది అబద్ధమేం కాదు. టార్చ్ వేసి చూస్తే కాయిల్ రేకులు నిజంగానే తళతళలాడేవి. కాకపోతే టార్చ్‌కి కనపడేది కాయిల్ ముందు వైపు మాత్రమే అని అప్పుడు బుర్రకి తట్టలేదు. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడిగేవాణ్ణి, అంతే. మూడేళ్ళ పాటు సర్వీసింగ్‌కి ఎవర్నీ పిలవలేదు, ఆటో క్లీన్ ఉందిగా ఇంకెందుకు అని.

నాలుగో వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఏసీ ఆపేసి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేసరికి మంచం తలవైపు అంతా తడి. మా వాడు రాత్రి నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని పడుకుంటాడు, మూత సరిగ్గా పెట్టలేదని వాడికి తిట్లు పడ్డాయి. రెండో రోజూ అదే, రెండో రోజూ తిట్లు. మూడో రోజు వాడు సీసా తెచ్చుకోలేదు, అయినా దిండు తడిసింది. అప్పుడు తలెత్తి చూస్తే ఇండోర్ ఎడమ మూల నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. విచిత్రం ఏంటంటే రాత్రంతా ఏసీ నడుస్తున్నంతసేపు ఒక్క బొట్టు లేదు, ఆపాకే కారుతోంది.

సర్వీస్ కుర్రాడు మధ్యాహ్నం వచ్చాడు. ఏసీ ఆన్ చేశాడు, చుక్క కారలేదు. అవుట్‌డోర్ దగ్గర గ్యాస్ ప్రెషర్ చూపించే గేజ్ తగిలించి చూసి, "సార్, ప్రెషర్ డౌన్ ఉంది, గ్యాస్ తక్కువైంది, అందుకే లోపల ఐస్ పట్టి కారుతోంది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది, గ్యాస్ తగ్గితే ఐస్ పడుతుందన్నది నిజమే కదా. పెట్టు బాబూ అన్నా. గ్యాస్ ఎక్కించాడు, వెళ్తూ వెళ్తూ బయట వేలాడుతున్న డ్రెయిన్ పైపులోకి ఓసారి గట్టిగా ఊదిపోయాడు. రెండు వారాలు ఏ గొడవా లేదు. గ్యాసే అన్నమాట అనుకున్నా. మూడో వారం మళ్ళీ తడి. మళ్ళీ ఆ కుర్రాడే వచ్చాడు, మళ్ళీ గేజ్, మళ్ళీ గ్యాస్, మళ్ళీ ఊదుడు. రెండుసార్లూ డబ్బులు కట్టింది నేనే. అసలు పని చేసింది గ్యాసా ఊదుడా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ సోదంతా రాసే పనుండేది కాదు.

ఈసారి కారడం ఆగలేదు సరికదా కొత్త రోగం మొదలైంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాలు అవుట్‌డోర్ గట్టిగా మూలిగి టక్కున ఆగిపోవడం, ఇండోర్ మీద లైటు మిణుకుమిణుకుమనడం, పదిహేను నిమిషాలు వదిలేస్తే మళ్ళీ తిరగడం. ఏసీ పాడైంది, మార్చేద్దాం అని ఇంట్లో మాటలు కూడా మొదలయ్యాయి.

ఆఖరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్ద మెకానిక్ దొరికాడు. ఆయన వచ్చీ రాగానే గేజ్ తియ్యలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాడు. ఎప్పుడు కారుతోంది? ఆపాక అన్నా. ఆపిన ఎంతసేపటికి? ఇరవై నిమిషాలకి. ఆపాక ఏమన్నా చప్పుళ్ళు వస్తాయా? చిటపటలు వస్తాయండి, ఆటో క్లీన్ కదా అన్నా, అప్పటికీ కొంచెం గొప్పగానే. "అయితే అదే పెట్టండి, చూద్దాం" అన్నాడు. ఇద్దరం కూర్చుని గోడ కేసి చూస్తూ ఉన్నాం. చిటపటలయ్యాయి, కరగడం మొదలైంది, ధారగా వచ్చేసింది ఎడమ మూల నుంచి.

విప్పి చూపించాక నాకు నోట మాట రాలేదు. కాయిల్ కింద నీళ్ళు పట్టే ట్రే నిండా నాచు లాంటి జిగురు, గరిటెతో తీయొచ్చు అంత మందం. మూడేళ్ళుగా కాయిల్ మీంచి కడిగిన దుమ్మంతా మరి ఎక్కడికి పోతుంది, ట్రేలోకే వస్తుంది, అక్కణ్ణించి వేలెడు లావు పైపులోంచి బయటికి పోవాలి. మామూలుగా ఏసీ నడిచేటప్పుడు నీళ్ళు కొంచెం కొంచెంగా వస్తాయి, గాల్లో తేమ బాగా ఉన్న రోజు గంటకి లీటరు వచ్చినా అది నిదానంగా కారేదే కాబట్టి జిగురు సందుల్లోంచి ఎలాగో పోతుంది. ఆటో క్లీన్‌లో అలా కాదు, పట్టిన మంచు మొత్తం కొద్ది నిమిషాల్లో ఒక్కసారే కరుగుతుంది, సగం మూసుకున్న పైపు అంత నీటిని మింగలేదు, ట్రే పొంగి గోడ మీదికి. కుర్రాడు ఊదినప్పుడల్లా ఆ జిగురు కొంచెం పక్కకి జరిగేది, రెండు వారాలు బండి నడిచేది, పేరు మాత్రం గ్యాస్‌కి వచ్చేది.

ఇంకోటి కాయిల్ వెనకాల తిరిగే బ్లోవర్. పొడుగ్గా డ్రమ్ములా ఉంటుంది, సన్నటి రెక్కలు. ఆ రెక్కల మధ్య నల్లటి బూజు కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. ఆటో క్లీన్ కడిగేది కాయిల్‌ని, బ్లోవర్‌ని కాదు. గాలి సరిగ్గా ఆడకపోతే కాయిల్ మరీ చల్లబడిపోతుంది, ఆ పరిస్థితిలో గేజ్ పెడితే ప్రెషర్ తక్కువే చూపిస్తుంది, చూసినవాడికి గ్యాస్ లేదనిపిస్తుంది. కాబట్టి ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడని అనను, గేజ్ చెప్పిందే చెప్పాడు, కవర్ విప్పలేదు అంతే. కానీ ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడితే అరిగిపోదు, మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూనే ఉంటుంది. నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీకుండాలి, ఎక్కువసార్లు ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ పైపులు బిగించే ఫ్లేర్ నట్‌ల దగ్గరే. లీకు ఎక్కడో వెతక్కుండా గ్యాస్ ఎక్కించేవాడిని ఆపి, లీకు ఎక్కడ బాబూ అని అడగాలి, నేను అడగలేదు. ఈయన నట్‌లకి సబ్బు నురగ రాసి చూశాడు, ఒక్క బుడగ రాలేదు. తర్వాత గ్యాసంతా ఖాళీ సిలిండర్‌లోకి లాగి కాటా మీద పెట్టాడు. అవుట్‌డోర్ పక్కన స్టిక్కర్ మీద 880 గ్రాములని ఉంది, కాటా 1,100 దాటింది. మధ్యాహ్నం మూలుగుడు, ఆగిపోవడం అన్నీ దాని పుణ్యమే, ఎక్కువ గ్యాస్, ఎక్కువ ఎండ, ప్రెషర్ పెరిగి తనని తను కాపాడుకోడానికి ఆగుతోంది. పైపుల్లో గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి), 880 తూచి ఎక్కించాడు. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ప్రెషర్ మారుతుంది కాబట్టి గేజ్ చూసి అంచనాగా పెట్టడం కుదరదని, తూకమే లెక్కని చెప్పాడు.

ఐస్ చూసి మనమే కొంత పోల్చుకోవచ్చని కూడా ఆయనే చెప్పాడు. గ్యాస్ నిజంగా తక్కువైతే మంచు సన్నపైపు మీద, కాయిల్‌లో గ్యాస్ లోపలికొచ్చే చోట మొదలవుతుంది, మిగతా కాయిల్ వెచ్చగానే ఉంటుంది. గాలి ఆడకపోతే కాయిల్ మొత్తానికీ పట్టి లావుపైపు దాకా పాకుతుంది. ఇదొక్కటే చూసి తేల్చెయ్యకూడదు గానీ, వచ్చినవాణ్ణి ప్రశ్న అడగడానికి పనికొస్తుంది.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, ముందు ప్యానెల్ ఎత్తి, కాయిల్ కిందుగా ఒక సీసా నీళ్ళు నెమ్మదిగా పోస్తా, బయట పైపు దగ్గర ఒకరు చూస్తారు. ధారగా వస్తే సరే, చుక్కలుగా వస్తే పైపు దగ్గర పని ఉన్నట్టు. మా ఇండోర్‌లో కుడివైపు కరెంటు బోర్డు ఉంది కాబట్టి అటు తడి తగలనివ్వను. వేసవికి ముందు ఏడాదికోసారి బ్లోవర్, ట్రే విప్పించి కడిగిస్తున్నా. రాత్రి ఆపే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో వదిలేస్తే లోపల ఆరిపోతుంది, ముక్కిన వాసన కూడా పోయింది. ఆటో క్లీన్ నెలకోసారి నొక్కుతున్నానేమో, అదీ ట్రే బాగుందని చూసుకున్నాకే.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆపి వెంటనే ఆన్ చేస్తే మూడు నిమిషాల దాకా కంప్రెసర్ అందుకోదు, అది రిపేరు కాదు. త్వరగా చల్లబడాలని 16 పెట్టడం వల్ల నాకు ఒరిగిందేం లేదు. చప్పుడు లేదని ఒకప్పుడు తెగ చెప్పేవాణ్ణి, ఇండోర్ ఇప్పటికీ నిశ్శబ్దమే, అవుట్‌డోర్ మాత్రం స్టాండ్ కింద రబ్బర్లు గట్టిపడి కొంచెం గురగురలాడుతోంది. అవుట్‌డోర్ కాయిల్‌కున్న నీలం పూత బానే నిలిచింది, స్టాండే తుప్పు పట్టింది.

మళ్ళీ ఇదే కొంటానా అంటే ఏమో, కొంటానేమో. మా గది కిటికీలు పగలంతా తెరిచే ఉంటాయి, పక్కన రెండేళ్ళు బిల్డింగ్ పని నడిచింది, ఆ దుమ్మంతా మా ఏసీయే మింగింది, రాత్రికి ఎనిమిది తొమ్మిది గంటలు నడుస్తుంది. మూసి ఉంచే గదిలో, ఏటా సర్వీసింగ్ చేయించేవాళ్ళకి ఇదే బటన్ అద్భుతంగా అనిపించొచ్చు, నాకు మొదటి మూడేళ్ళు అనిపించినట్టే. మా వాడు మాత్రం ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు సీసా మూత బిగించి, నా మొహం ముందు తలకిందులుగా పట్టి చూపించి మరీ పక్కన పెట్టుకుంటాడు.