నల్గొండ డాబా మీద పెద్ద టెలిస్కోపా, అచ్చంపేట చేన్ల చిన్నదా: సుడి గెలాక్సీకి ఏది మేలు?

మా బావకు 8 అంగుళాల డాబ్సోనియన్ (కింద పెట్టి చేత్తోని తిప్పే పెద్ద అద్దం టెలిస్కోపు) ఉంది, నల్గొండల డాబా మీదనే ఉంటది, నాది 5 అంగుళాల చిన్న టేబుల్‌టాప్, బస్సుల ఒళ్లె పెట్టుకొని పోవచ్చు. "బామ్మర్ది, నా అద్దం వైశాల్యంల నీదానికి రెండున్నర రెట్లు, ఇంక పోటీ ఏంది" అంటడు. చుక్కలకైతే ఆ మాట నూరుపాళ్లు నిజం, ఎం13 నక్షత్ర గుత్తి ఆయన దాంట్ల చూస్తే చాట మీద రవ్వ పోసినట్టు గింజగింజ తెలుస్తది.

గెలాక్సీ కాడ మాత్రం ఆ లెక్క పనిచెయ్యదు. అది పరుచుకున్న వెలుగు గదా, పెద్ద అద్దం గెలాక్సీని ఎంత పట్టుకొస్తదో వీధిలైట్లకు తెల్లబడ్డ ఆకాశాన్ని గూడ అంతే పట్టుకొస్తది, రెండింటికీ నడుమ తేడా ఏం పెరగదు.

మొన్న ఏప్రిల్‌ల ఎం51 అనే సుడి గెలాక్సీని చూసినం. సప్తర్షుల తోక చివర మరీచి ఉంటడు గదా, ఆడికెళ్లి మూడున్నర డిగ్రీల దూరం. డాబా మీద గంటసేపు చూస్తే రెండు మసక మచ్చలు (అది, దాని పక్కనుండే చిన్న గెలాక్సీ), అంతే. నాలుగు రోజులకు అచ్చంపేట అవతల మా మేనమామ కల్లంల నీళ్ల డ్రమ్ము బోర్లించి దాని మీద నా చిన్నది పెట్టిన, స్టార్టర్ డబ్బా కాడి బల్బు తీపిచ్చిన, ఫోన్ ముట్టకుండ అరగంట కూసున్న. నేరుగ చూస్తే మళ్ల రెండు మచ్చలే, చూపు జర పక్కకు పెట్టి కంటి కొసతోని చూస్తే పెద్ద మచ్చ చుట్టు పొగ లెక్క వలయం లేసింది! సుడి చేతులు విడివిడిగ కనపడ్డయని మాత్రం చెప్ప, 1845ల ఐర్లాండ్ ఖగోళవేత్త లార్డ్ రాస్ ఆ సుడిని మొదటిసారి పట్టుకున్నది 72 అంగుళాల అద్దంతోని.

ఆండ్రోమెడా గెలాక్సీకైతే చిన్నదే ఇంకా మేలు. అది ఆకాశంల మూడు డిగ్రీల పొడుగుంటది, బావ దాంట్ల ఒక్క డిగ్రీయే పడ్తది, నడిమి బొడ్డు తప్ప ఏం తెల్వది. కార్తీకంల చీకటి చేన్ల ఉత్తకంటికే కనపడ్తది, 25 లక్షల ఏండ్ల కింద బయలెల్లిన వెలుగు, 10×50 బైనాక్యులర్ ఉన్నా సాలు.

కొత్తగ కొనేటోళ్లు చిన్నది కొనుర్రి, మిగిలిన పైసలు బస్సు చార్జీలకు పెట్టుర్రి. రాత్రి మన్ననూరు కాడ అడవి చెక్‌పోస్టు గేటు బంద్ ఉంటది, అడవిలకు పోవద్దు, ఇవతలి చేన్లే సాలు. వచ్చే అమాసకు బావ పెద్దదాన్ని కారు వెనక సీట్ల కట్టుకొని అదే కల్లానికి వస్తున్నడు, చేతులు విడివిడిగ చూడాలని మస్తు ఆశ ఉంది.